గోదారి గట్టున యాంటెన్నాలు

యానాం లోకల్ చానెల్లో నేను మూడేళ్ళు వార్తలు చదివాను. కరెంటు కోతలు, బడి వార్షికోత్సవాలు, తప్పిపోయిన గేదెలు, గోదారి దాటించే పంటు ఆగిపోయిన రోజులు. వేల వాక్యాలు నా నోటి మీదుగా వెళ్ళి ఉంటాయి. వాటిలో ఒక్కటి మాత్రం అక్షరంతో సహా గుర్తుంది: "వరద బాధితుల నోటికాడి కూటిని సైతం దొడ్డిదారిన తరలిస్తున్న వారిని ఏమనాలి?"

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న చిన్నప్పుడే పోయారు. ఫరంపేటలో అమ్మా నేనూ ఉండేవాళ్ళం. అమ్మ మిషన్ స్కూల్లో తెలుగు పంతులమ్మ. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది కూడా ఆవిడే. నాకు మాట నేర్పింది అంటే ఊరికే నేర్పలేదు. దీపం ముందు కూర్చోబెట్టి, 'భ' అన్నప్పుడు వెలుగు ఊగాలి, 'బ' అన్నప్పుడు ఊగకూడదు అనేది. డిగ్రీ అవగానే కేబుల్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది ఆ దీపం పుణ్యమే.

కేబుల్ ఓనర్ని మేం 'సార్' అనేవాళ్ళం. ఊళ్ళో 'కేబుల్ గారు' అనేవారు. ఇస్త్రీ నలగని తెల్ల బట్టలు, మెత్తటి మాట. ఎంత చిన్నవాళ్ళనైనా 'అమ్మా', 'బాబూ' అనకుండా పిలవడు. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా, ఎవరింట చావయినా ఆయన కెమేరా వెళ్ళాలి. అందుకని ఆయనతో ఎవరూ గొడవ పెట్టుకోరు. మా అమ్మ పెట్టుకుంది.

ఆ ఏడు ఆగస్టులో గోదారి ఊళ్ళోకి వచ్చేసింది. ఫరంపేటలో మోకాళ్ళు దాటిన నీళ్ళు. అందర్నీ అమ్మ పనిచేసే స్కూలుకే చేర్చారు. మేమూ అక్కడే ఓ తరగతి గదిలో మరో నాలుగు కుటుంబాలతో ఉన్నాం. వంటల బాధ్యత అమ్మ నెత్తినేసుకుంది. రెండో రోజు మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉన్నప్పుడు, సార్ కెమేరామన్‌ని వెంటబెట్టుకుని, చానెల్ పేరున్న బ్యానర్ మోయించుకుని శిబిరానికి వెళ్ళాడట. అప్పటికి అందరి భోజనాలూ అయిపోయాయి. ఖాళీ కంచాలు చేతికిచ్చి, మళ్ళీ వరసలో నిలబెట్టి, తాను వడ్డిస్తున్నట్టు తీయించుకోబోయాడు.

"తిన్నవాళ్ళని మళ్ళీ ఆకలిగా నిలబెట్టకండి" అందట అమ్మ.

"రెండు నిమిషాలేనమ్మా. ఒక్క షాటు."

"పిల్లలు నిద్రలో ఉన్నారు. ముసలాళ్ళు నిలబడలేరు. వద్దండి."

ఆయన నవ్వి, కెమేరామన్‌కి కానిమ్మని సైగ చేశాడట. అమ్మ ముందుకెళ్ళి లెన్సుకి అరచెయ్యి అడ్డం పెట్టింది. అంతమంది చూస్తుండగా ఆయన బ్యానర్ చుట్టించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం అమ్మ ఇదంతా నాకు చెప్పి, "మీ టీవీలో నా చెయ్యి వస్తుందేమో చూడు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు మధ్యాహ్నం సార్ నాకు తన చేత్తో రాసిన కాగితం ఇచ్చాడు. సహాయ శిబిరాల్లో అన్నం పక్కదారి పడుతోందని ఎనిమిది వాక్యాలు. పేర్లు లేవు.

"ఎవరండీ వీళ్ళు?" అని అడిగాను.

"జనరల్‌గా రాశానమ్మా. చాలా చోట్ల జరుగుతోంది. నువ్వు చదివెయ్, బొమ్మలు తర్వాత వేసుకుంటాం."

నేను చదివాను. ఉత్తినే చదవలేదు, కోపంగా చదివాను. మా ఇంట్లో నీళ్ళున్నాయి, మేం బడి నేల మీద పడుకుంటున్నాం, అలాంటప్పుడు అన్నం దొంగిలించేవాళ్ళు ఎవరో ఉన్నారంటే నా ఒళ్ళు మండింది. "ఏమనాలి" దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టి, చివరి అక్షరాన్ని నొక్కాను. రికార్డింగ్ అయ్యాక సార్ చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రానికి స్కూలుకి కరెంటు వచ్చింది. వరండాలో టీవీ పెట్టారు. ఏడు గంటల వార్తలకి అందరం పోగయ్యాం. నా గొంతు మొదలైంది. తెర మీద నీలం అంచు చీరలో, పెద్ద అల్యూమినియం గిన్నె రెండు చేతులతో పట్టుకుని, స్కూలు వెనక గేటు దాటుతున్న మా అమ్మ. గేటు దాటగానే బొమ్మ ఆగిపోయింది. గిన్నె చుట్టూ ఎర్రటి సున్నా గీశారు. "ఏమనాలి?" అని అడిగింది నా గొంతు.

ఒకావిడ పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను అమ్మ మొహం చూడలేకపోయాను. ఆవిడే నా వైపు తిరిగి, "ఉచ్చారణలో తప్పు లేదు" అంది. అంతే. లేచి వెళ్ళి గంటెలు కడుక్కుంది.

ఆ గిన్నె ఎక్కడికి వెళ్ళిందో మా వీధిలో అందరికీ తెలుసు. మా వీధి చివర ఓ ముసలామె మంచంలో ఉండేది. నడుం పడిపోయింది, కదిపితే అరుస్తుంది. కొడుకు సముద్రం మీద వేటకెళ్ళి తుఫానుకి ఎక్కడో ఒడ్డున చిక్కుకున్నాడు. మంచాన్ని ఇటుకల మీదకెత్తి, అక్కడే ఉంచారు. అమ్మ రోజుకి రెండుసార్లు ఆ నీళ్ళలో నడిచి వెళ్ళి అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి వచ్చేది. మా వీధికి తెలుసు. యానాం అంతా మా వీధి కాదు.

మర్నాడు పొద్దున్నే సార్ గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"ఆవిడ మా అమ్మండి."

"తెలుసమ్మా."

"ఆ అన్నం ఎవరికో కూడా తెలుసా అండి?"

"నేను ఎవరి పేరూ రాయలేదు కదా. గిన్నె బయటికెళ్ళింది, చూపించాం. అంతే కదా వార్తంటే."

"ఇవాళ వార్తల్లో నిజం చెప్పండి. నేనే చదువుతాను."

ఆయన ఫోను తీసి నా ముందు పెట్టాడు. చిన్న తెర మీద, బొటనవేలంత మా అమ్మ నడుస్తోంది. "రాత్రే ఎవరో ఫోన్లోకి ఎక్కించేశారమ్మా. బ్లూటూత్‌లో నాకే వచ్చింది, చూడు. ఇంక నా చేతిలో ఏవుంది" అన్నాడు.

అప్పుడప్పుడే వీడియో ఆడే ఫోన్లు యానాంలో ప్రతి వీధికీ చేరుతున్న రోజులు. సెంటర్లో మెమరీ కార్డులు నింపే కొట్టువాళ్ళు పాటలతో పాటు ఆ ముక్క కూడా ఎక్కించి ఇచ్చేవాళ్ళు. టీవీలో వచ్చింది మర్నాటికి పాతబడుతుంది. ఫోన్లోకి ఎక్కింది పాతబడలేదు. కొన్నాళ్ళకి దానికి వెనక ఓ హాస్యపు బాజా కూడా చేరింది. ఓసారి మెట్టకూరు వెళ్ళే షేర్ ఆటోలో నా ఎదురుగా కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు అది పెట్టుకుని నవ్వారు. ఆ గొంతు తమ ఎదుటే కూర్చుందని వాళ్ళకి తెలీదు. చున్నీ మొహానికి కప్పుకుని, నా గొంతు నేనే వింటూ కూర్చున్నాను.

స్కూలు కమిటీ అమ్మని పిలిచి అడిగింది. నిజం తెలిసి కూడా, "మాటొచ్చింది కాబట్టి" అని మధ్యాహ్న భోజనం బాధ్యత ఆవిడ దగ్గర్నుంచి తీసేశారు. పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి నా గొంతు వినిపించేదట, చిన్నగా. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడం మానేసింది. పాస్టరు గారు రెండుసార్లు ఇంటికొచ్చి అడిగారు. "గొంతు బాగోట్లేదండి" అంది.

నన్ను ఉద్యోగం మానెయ్యమని అమ్మ ఒక్కసారే అంది. మాననన్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ అప్పటికి సరిగ్గా తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ మనిషికి దూరంగా వెళ్ళిపోతే ఆయనకి ఏమీ కాదు. దగ్గరుంటే ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెయ్యొచ్చు. అందుకే రోజూ వెళ్ళాను. 'నమస్కారం సార్' అన్నాను. ఆయన మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసేదాన్ని కాదు, మెడ మీద కొట్టుకునే నరాన్ని చూసేదాన్ని. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ బొత్తాం నొక్కితే ఊరంతా ఏం కనిపిస్తుందో నేర్చుకున్నాను. నెమ్మదిగా కంట్రోల్ రూం మొత్తం నా చేతికొచ్చింది. ఆయనకి నా మీద నమ్మకం కుదిరింది. మేం మరిచిపోయామనుకున్నాడు. మాలాంటి వాళ్ళ కోపం వరదనీళ్ళతో పాటే తీసేస్తుందని ఆయన లెక్క.

వరద వచ్చి ఏడాది తిరిగినప్పుడు ఓ ప్రత్యేక కార్యక్రమం వెయ్యాలని, పాత టేపులు చూసి మంచి బొమ్మలు ఏరమని నాకు చెప్పాడు. బీరువాలో 'వరద – 4' అని రాసిన టేపు దొరికింది. అందులో అమ్మ గేటు దాటాక బొమ్మ ఆగలేదు. కెమేరా ఆవిడ వెనకే నీళ్ళలో నడిచింది. మా వీధి, ముసలామె గుమ్మం, తలుపు సందులోంచి లోపల మంచం. అమ్మ ఆమె తల ఎత్తిపట్టుకుని ముద్దలు పెడుతోంది. కెమేరామన్ గొంతు, తర్వాత సార్ గొంతు, పక్కపక్కనే.

"సార్, ముసలామెకి తినిపిత్తన్నారండి టీచరమ్మ."

"అది మనకక్కర్లేదు. గిన్నె సాలు. గేటు దాటింది కదా, అక్కడికి కట్ చేసెయ్."

"తప్పేమోనండీ."

"నా కెమేరాకి చెయ్యి అడ్డం పెట్టిందయ్యా. ఊరంతా ఆవిడ వైపు చెయ్యి చూపించాలి."

నాలుగుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. ఆ కెమేరామన్ అప్పటికే పని మానేసి హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఆపకుండా ఎందుకు తీశాడో, తీసింది చెరపకుండా ఎందుకు ఉంచాడో అడిగే వీలు లేకపోయింది. టేపుని డీవీడీ మీదకి ఎక్కించుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మకి చూపించలేదు. చూపిస్తే, పోనీలే అంటుందని భయం.

డీవీడీ ఉంది, సరే. చూపించేది ఎక్కడ? ఊళ్ళో ఉన్న చానెల్ ఆయనది. ఇళ్ళలో అందరూ టీవీ ముందున్న పూట చూసి నేను దాన్ని వేసేయొచ్చు. కానీ అప్పుడు ఆయన ఇంట్లో ఉంటాడు, ఫ్యాను కింద. వైరు పీకించి, మర్నాడు తెల్ల బట్టలేసుకుని ఏదో ఒకటి చెప్పుకుంటాడు. అది నాకు చాలదు. జనం మధ్య, ఆయన నిలబడి ఉండగా, ఆయన చెవులతో ఆయనే వినాలి. అంతవరకూ ఆగుదామనుకున్నాను. ఇంకో ఏడాది ఆగాను.

అప్పుడు చైనా ఫోన్లు వచ్చాయి. రెండు సిమ్ములు, వెనక నాలుగు స్పీకర్లు, పైన లాగితే మూరెడు పొడవు వచ్చే యాంటెన్నా. ఆ యాంటెన్నాకి గాల్లో వచ్చే సర్కారు చానెల్ చుక్కలు చుక్కలుగా దొరికేది. వేటకెళ్ళేవాళ్ళు పడవలో దాన్ని అటూ ఇటూ తిప్పుతూ బొమ్మ పట్టేవారు. సంతలో, గట్టు మీద, చర్చి బయట, ఎక్కడ చూసినా చేతుల్లో ఆ పుల్లలే. సార్ ఇది చూశాడు. కేబుల్ వైరు పడవలోకి వెళ్ళదు, చానెల్ని గాల్లోకి వదిలితే ప్రతి జేబులోకీ వెళ్తుంది అనుకున్నాడు. చెన్నై నుంచి చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి తెప్పించాడు. దాన్ని మూడంతస్తుల ఆఫీసు మీద బిగించే పని మా మావయ్యకి అప్పజెప్పాడు.

మావయ్య అమ్మకి తమ్ముడు. మెట్టకూరులో టీవీలు బాగుచేసేవాడు. తక్కువ మాట్లాడతాడు. సార్ పని ఒప్పుకున్నాడని తెలిసి నేను ఆశ్చర్యపోతే, "నువ్వక్కడ రెండేళ్ళ నించీ ఉన్నావ్ కదమ్మడూ. ఎందుకున్నావో నాకు తెల్దనుకున్నావేటి" అన్నాడు. ఆ రోజే డీవీడీ సంగతి చెప్పాను.

బిగిస్తున్నప్పుడు మావయ్య సార్‌ని అడిగాడు. "దీనికి లైసెన్సు కావాలేమోనండి."

"మూడు కిలోమీటర్లు కూడా దాటనిదానికి లైసెన్సేంటయ్యా."

పక్క బల్ల దగ్గర నేను ఏదో రాసుకుంటున్నట్టు తలొంచుకుని ఆ మాట విన్నాను. ప్రారంభోత్సవానికి వారం ముందు, అనుమతి లేని ప్రసారం జరగబోతోందని, ఎక్కడ, ఏ రోజు, ఏ గంటకో వివరంగా అధికారులకి అర్జీ రాసి పోస్టు చేశాను. అమ్మ నేర్పిన గుండ్రటి చేతిరాత. ఇది మాత్రం మావయ్యకి చెప్పలేదు.

ప్రారంభం గోదారి గట్టు మీద, సాయంత్రం నాలుగింటికి. వేదిక, షామియానా, అతిథులు. యాంటెన్నా ఫోన్లున్న వాళ్ళంతా రమ్మని వారం రోజులు నా గొంతుతోనే చాటింపు వేయించాడు. ఫరంపేట, అగ్రహారం, మెట్టకూరు నుంచి జనం వచ్చారు. నేను కంట్రోల్ రూంలో ఉన్నాను. కిటికీ తీస్తే రెండు వీధుల అవతల గట్టు. షామియానా పైభాగం, దాని వెనక నీళ్ళు కనిపిస్తాయి. మావయ్య సిగ్నల్ చూసే నెపంతో వేదిక పక్కనే నిలబడి నాకు ఫోన్ చేసి, కట్ చెయ్యకుండా జేబులో పెట్టుకున్నాడు.

మైకులో సార్ గొంతు అందులోంచి వినిపించింది. "ఇన్నాళ్ళూ మీరు మన చానెల్ దగ్గరికి వచ్చారు. ఇక మన చానెల్ మీ అరచేతిలోకి వస్తుంది. ఫోన్లు తీయండి, యాంటెన్నాలు లాగండి."

గది తలుపు లోపల గడియ పెట్టాను. ప్లే నొక్కాను.

మొదటి అరనిమిషం ఆయన కోరిన స్వాగతం బొమ్మే. ఆయన నవ్వుతూ చేతులు జోడించడం. జనం ఈలలు. "వచ్చిందమ్మడూ, బొమ్మ నీటుగా ఉంది" అన్నాడు మావయ్య. తర్వాత రెండేళ్ళ నాటి వార్త, ఎర్ర సున్నాతో సహా. ఆ వెంటనే ఆపకుండా టేపు. నీళ్ళలో నడక, గుమ్మం, మంచం, ముద్ద.

"గిన్నె సాలు" అని వినపడింది. నా మానిటర్లోంచి కాదు, కిటికీలోంచి. వందల ఫోన్లు, ఒక్కోదానికి నాలుగు స్పీకర్లు. అన్నీ ఒకేసారి ఆయన గొంతుతో మాట్లాడాయి. సన్నగా, రేకు మీద గీసినట్టు. గట్టంతా ఆ గొంతే. వేదిక మీద మైకు ఆగిపోయింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. అంత హాయిగా నేను అంతకుముందు ఎప్పుడూ లేను. అది దాచుకోవడం ఎందుకు.

"ఏం చేస్తున్నాడు మావయ్యా?"

"నవ్వుతున్నాడు ఇంకా. మొహం అలా ఉండిపోయింది. ఎవరో పెద్దాయన ఫోను ఆయన మొహం దగ్గర పెట్టి, ఇది మీ గొంతే కదండి అని అడుగుతున్నారు. ఇగో, దిగుతున్నాడు. బండెక్కాడు. నీ దగ్గరికే."

టేపు రెండోసారి తిరుగుతుండగా మెట్ల మీద బూట్లు వినిపించాయి. తలుపు మీద దబదబా.

"తియ్యమ్మా."

తియ్యలేదు.

"తియ్యవే. ఎవరనుకుంటున్నావే నువ్వు."

నేను టేపు శబ్దం తగ్గించి, వార్తల మైకు ఆన్ చేశాను. దీపం ముందు కూర్చున్నప్పటి ఊపిరి తీసుకున్నాను. "నమస్కారం. రెండేళ్ళ కిందట ఆ వార్త చదివింది నేనే. ఆ గిన్నె మోసినావిడ మా అమ్మ. ఆ అన్నం ఎక్కడికి వెళ్ళిందో ఇప్పుడు మీరే చూశారు. మీకు వినిపిస్తున్న తలుపు చప్పుడు మా ఓనరు గారిది." మైకుని తలుపు వైపు తిప్పాను. ఆయన తిట్టిన ప్రతి తిట్టూ గట్టు మీద అందరి చేతుల్లోకీ వెళ్ళింది. ఆయన మా అమ్మని అన్న మాట కూడా. కింద ఎవరికో ఎవరో చెప్పినట్టున్నారు, కాసేపటికి కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశారు. మానిటర్ నల్లబడింది.

అప్పుడు తలుపు తీశాను. చొక్కా చెమటకి అంటుకుపోయి, రొప్పుతూ నిలబడ్డాడు. చెయ్యెత్తాడు. వెనక మెట్ల మీద అప్పటికే పదిమంది ఉన్నారు. చెయ్యి దించాడు.

"ఉద్యోగం ఇచ్చాను కదమ్మా నీకు" అన్నాడు. మళ్ళీ 'అమ్మా' అన్నాడు.

"నా గొంతు తీసుకున్నారు కదండీ" అని, సంచీ తగిలించుకుని మెట్లు దిగాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కింటివాళ్ళ ఫోన్లో చూసిందట. నేను చెప్పుల్లో ఉండగానే అడిగింది. "ఆవిడ మొహం ఎందుకు చూపించావే?"

నాకు అర్థం కాలేదు. "ఎవరి మొహం?"

"ఆవిడ ఒంటి మీద సరిగ్గా బట్ట కూడా లేదు. నోట్లోంచి కారుతోంది. ఆ స్థితిలో తనని ఎవరూ చూడకూడదని ఏడ్చేది. అందుకే నేను తలుపు వేసుకునేదాన్ని. పోయినావిడ. ఆవిణ్ణి ఊరందరి చేతుల్లో పెట్టావు."

ముసలామె పోయి అప్పటికి ఏడాది దాటింది. నేను డీవీడీ వందసార్లు చూసి ఉంటాను. ఆమెని ఒక్కసారి కూడా చూడలేదు. అమ్మ చేతినీ, సార్ గొంతునీ తప్ప ఇంకేమీ చూడలేదు. మొహం మసకగా చెయ్యడం నాకు వచ్చు. ఐదు నిమిషాల పని.

"వాడి సంగతి నాకొద్దు. రేపు ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్దాం" అంది అమ్మ.

వెళ్ళాం. వల బాగుచేసుకుంటున్నాడు. అమ్మ క్షమించమంది. నేను కూడా అన్నాను. అతను తలెత్తకుండా, "మీరు తినిపించేరని నాకు తెల్సండి. సూడ్డం ఇదే మొదలు. ఇంకెవరి దగ్గరా లేకుండా చెయ్యగల్రా?" అని అడిగాడు. చెయ్యలేమని అతనికీ తెలుసు. టీవీని రికార్డు చేసుకునే సౌకర్యం ఆ చైనా ఫోన్లలో ఉండేది. అప్పటికే అది పడవల్లో కూడా తిరుగుతోంది.

నాలుగో రోజున అధికారులు వచ్చి ట్రాన్స్‌మిటర్‌కి సీలు వేశారు. బిగించింది ఎవరని అడిగి మావయ్యని తీసుకెళ్ళారు. రెండు రోజులు కూర్చోబెట్టి కాగితాలు రాయించుకుని పంపారు. వచ్చాక అర్జీ నాదేనని చెప్పేశాను. మావయ్య చాలాసేపు స్క్రూడ్రైవర్ తుడుచుకున్నాడు. "నాకు చెప్పాల్సిందమ్మడూ. నా పేరు పైకొస్తదని తెలిసినా చేద్దును. చెప్పాల్సింది" అన్నాడు. ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంటికి రాలేదు.

సార్‌కి ఊళ్ళో పేరు మారిపోయింది. 'గిన్నె సాలు గారు' అయ్యాడు. ఆ రెండు మాటలూ రింగ్‌టోనుగా కోసుకున్నారు. ఆయన సెంటర్లో బండి ఆపితే ఎక్కడో ఓ ఫోను మోగేది. పంటు మీద వెళ్తుంటే అవతలి పడవలోంచి అరిచేవారు. ఇళ్ళల్లో ఒక్కొక్కరూ కేబుల్ తీసేసి డిష్షులు పెట్టుకున్నారు. మధ్యాహ్న భోజనం బాధ్యత మళ్ళీ తీసుకోమని స్కూలు కమిటీ అమ్మకి కబురంపింది. అమ్మ తీసుకోలేదు. చర్చిలో పాట మాత్రం ఎత్తుకుంది, రెండు నెలల తర్వాత, ఎవరూ అడగని ఓ ఆదివారం.

ఓ రోజు పొద్దున్న సార్ భార్య మా ఇంటికొచ్చింది. అమ్మ బడికి వెళ్ళింది. ఆమె కుర్చీ అంచున కూర్చుని, "మా అమ్మాయి కాలేజీ బస్సెక్కడం మానేసిందండి. ఎక్కగానే ఆ గొంతు పెడుతున్నారంట. ఇంక ఆపించండి" అంది.

నాకు షేర్ ఆటో గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదని తెలుసు. "నా చేతిలో ఏవుందండి" అన్నాను. ఆమె భర్త నాతో ఈ మాటే అన్నాడని ఆమెకి తెలీదు. నాకు తెలుసు, తెలిసే అన్నాను. ఆమె మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల గురించి ఇప్పుడు ఆలోచిస్తే బాధగానే ఉంటుంది. ఆ రోజు మాత్రం లేదు.

తర్వాతి ఏడాది నేను రెవెన్యూ ఆఫీసు ఎదురుగా ఉన్న ఓ కంప్యూటర్ సెంటర్లో అర్జీలు టైపు చేసే పనిలో చేరాను. ఓ రోజు పదకొండు గంటలప్పుడు ఆయన వచ్చాడు. తెల్ల బట్టలే, ఇస్త్రీ లేదు. చేతిలో రెండు కాగితాలు, ఏదో ధ్రువీకరణ కోసం. నన్ను చూసి గుమ్మంలోనే ఆగాడు. ఊళ్ళో తెలుగు టైపు చేసే చోటు ఇంకొకటి లేదు.

"ఇది టైపు చెయ్యాలి" అన్నాడు, గోడ కేసి చూస్తూ.

"పని ఉందండి. రెండింటికి రండి."

ఆయన బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. రెండింటి దాకా అక్కడే ఉన్నాడు. నాకు ఆ పూట ఉన్న పని అరగంటకి మించదు. అది అయిపోయాక ఖాళీ తెర ముందు కూర్చుని, అప్పుడప్పుడు కీబోర్డు టకటకలాడించాను. రెండింటికి పిలిచి, తప్పుల్లేకుండా టైపు చేసి ఇచ్చాను. ఆయన చదివి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మూడు గంటలూ నాకు బాగున్నాయి. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు.